మెడలో మిగిలిపోయిన బిళ్ళ

రక్తపరీక్షలు చేసే ఆ ల్యాబులో పనివాళ్ళందరిలోకీ వయసులో పెద్దది ఆవిడే. అయినా వాచ్‌మన్ మొదలు పెద్ద డాక్టరుగారి దాకా అందరూ ఆవిణ్ణి చిన్నక్క అనే పిలిచేవాళ్ళు. ఇరవయ్యేళ్ళ కిందట రిపోర్టులు టైపు కొట్టే పనిలో చేరినప్పుడు పక్క కుర్చీలో ఇంకొకావిడ ఉండేది, ఆవిడ పెద్దక్క. పెద్దక్క రిటైరై వెళ్ళిపోయింది, ఆ కుర్చీ విరిగి అటకెక్కింది, చిన్నక్క మాత్రం చిన్నక్కగానే ఉండిపోయింది.

పెద్ద చదువులేమీ లేవు. కంప్యూటర్లు బాగుచెయ్యడానికి బయటి నుంచి ఒకాయన వస్తుంటే, ఆయన వెనకాలే నిలబడి, ఆయన ఏం నొక్కుతున్నాడో చూసి చూసి నేర్చుకుంది. ఆయన రావడం మానేసిన రోజున, "ఇప్పుడెలా?" అని అందరూ మొహాలు చూసుకుంటుంటే, "నేను చూస్తాను" అని మెల్లగా అంది. అప్పట్నుంచి మెట్లకింద గది ఆవిడది. ఒకప్పుడు ఖాళీ సీసాలు పడేసుకునే గది అది. ఒక కిటికీ, ఒక బల్ల, రాత్రీపగలూ గుయ్యిమనే సర్వరు, నీళ్ళు కారే ఏసీ, దాని కింద ఒక బకెట్టు. బకెట్టు నిండితే పారబోసేది కూడా ఆవిడే.

ల్యాబుకు ఐదు బ్రాంచిలు. మొదట్లో ఐదింటికీ ఐదు ప్రోగ్రాములు ఉండేవి. ఒకదాంట్లో గోరంత మార్పు చేస్తే మిగతా నాలుగింట్లోనూ అదే చేసుకుంటూ పోవాలి. ఒకటి మర్చిపోయిందా, ఆ బ్రాంచి వాళ్ళు ఫోన్లు చేసి చెవులు తినేసేవాళ్ళు. రెండేళ్ళు తల బద్దలు కొట్టుకుని చిన్నక్క వాటన్నిటినీ ఒకటి చెయ్యడం మొదలుపెట్టింది. ప్రోగ్రాము ఒకటే, అది నడిచే సర్వరూ ఒకటే. కానీ ఏ బ్రాంచి పేషెంట్ల వివరాలు ఆ బ్రాంచి డేటాబేసులోనే ఉండాలి, కలవకూడదు. అడిగిందెవరో చూసుకుని, అప్పటికప్పుడు వాళ్ళ డేటాబేసుకే కనెక్షన్ ఇవ్వాలి.

"అదెలా కనుక్కుంటుందే?" అని అప్పట్లో వాళ్ళాయన అడిగాడు. ఆయన ఆ ల్యాబులోనే శాంపిళ్ళ బండి నడిపేవాడు.

"సర్వర్లో ఇరవైమంది కనపడని పనివాళ్ళు బల్ల మీద కూచుని ఉంటారనుకోండి. ఏదో బ్రాంచి నుంచి పని రాగానే ఖాళీగా ఉన్నవాడొకడు లేస్తాడు. వాడి మెడలో ఆ బ్రాంచి బిళ్ళ వేస్తాను. డేటాబేసు గదుల దగ్గర ఆ బిళ్ళ చూసి ఆ గది తలుపే తీస్తారు. పనయ్యాక బిళ్ళ తీసేసి మళ్ళీ బల్ల మీద కూర్చోబెడతాను."

"మెడలో ఏ బిళ్ళా లేకపోతే?"

"మెయిన్ బ్రాంచి గదికి పోతాడు."

"వాడి పనే నయం. నాకు బిళ్ళ ఉన్నా మీ వాచ్‌మన్ గేటు తియ్యడు" అన్నాడాయన.

ఇళ్ళకెళ్ళి రక్తం తీసుకొచ్చే వాళ్ళ కోసం ఒక భాగం రాస్తున్నప్పుడు, పరీక్షకి కొన్ని దొంగ అడ్రసులు కావలసొచ్చాయి. ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూచుని చెప్తూ పోయాడు. 'పచ్చ గేటు, గంట మోగదు, గట్టిగా అరవాలి.' 'మూడో అంతస్తు, లిఫ్టు ఉంది, కుక్క కూడా అందులోనే వస్తుంది.' 'నీలం తలుపు, తాతగారు కాఫీ ఇవ్వనిదే వదలరు, పావుగంట ముందే బయల్దేరాలి.' ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ అడ్రసులన్నీ ఆ ఫైల్లో అలాగే ఉండిపోయాయి.

కిందటేడు ఎండలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున బండి తాళాలు అందుకోబోయి ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు.

మూడు వారాల తరవాత చిన్నక్క పనికి వచ్చింది. ఎవరేం మాట్లాడినా తలూపేది. సగంలో ఉన్న పని పూర్తిచేసింది, అన్ని భాగాల్లోనూ బిళ్ళలు వేసింది. ఒక్క ఇంటి శాంపిళ్ళ ఫైలు మాత్రం తెరవలేదు. తెరవబోయినప్పుడల్లా చెయ్యి వెనక్కి వచ్చేది. 'ఇంటి శాంపిళ్ళెలాగూ మెయిన్ బ్రాంచివేగా, బిళ్ళ వెయ్యకపోయినా అక్కడికే పోతాయి' అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఏడాది పాటు అలాగే పోయాయి కూడా.

ఇక అసలు సంగతి.

ఆ సోమవారం పొద్దున్నే మెయిన్ బ్రాంచి కౌంటరు దగ్గర ఒక పెద్దాయన చొక్కా చెయ్యి పైకి మడిచి, దూది అంటించిన చోటు అందరికీ చూపిస్తున్నాడు.

"మూడుసార్లు! ఇంటికొచ్చి మూడుసార్లు పొడిచారు. ప్రతిసారీ మీ పేరే లేదంటారు. నా ఒంట్లో కన్నా మీ ఫ్రిజ్జులోనే నా రక్తం ఎక్కువుంది. ఇక నేనూ అందులోకే మారిపోతాను, ఓ అర చూపించండి!"

కౌంటర్లో ఉన్న అమ్మాయికి చిలక అని పేరు. పొద్దున వచ్చింది మొదలు సాయంత్రం దాకా నోరు మూయదు, అందుకని. ఇంట్లో తల్లి మంచాన ఉంది, తమ్ముడు చదువుతున్నాడు, సంపాదించేది ఈ పిల్లే. ఆవేళ మాత్రం ఆ చిలక నోట మాట లేదు.

మేనేజరుగారు పెద్దాయన్ని బతిమాలి పంపించి, చిలకని లోపలికి పిలిచారు. చిన్నక్కనీ పిలిచారు. బల్లమీద తొమ్మిది చీటీలు పరిచారు. ఇంటింటికీ తిరిగేవాళ్ళు పేరూ పరీక్షా రాసి తెచ్చే చీటీలవి. వాటిని కంప్యూటర్లో ఎక్కించి, తెర మీద పడ్డ నంబరు చీటీ మీద రాసి పెట్టడం చిలక పని.

"రెండు నెలల్లో తొమ్మిది. కంప్యూటర్లో ఒక్కటీ లేదు. ఏమ్మా, ఎక్కించకుండానే ఎక్కించానంటున్నావా?"

"ఎక్కించాను సార్. ఒట్టు సార్."

"మరి ఈ నంబర్లేంటి? మన దగ్గర అరవై ఒక్క వేలు నడుస్తుంటే నువ్వు పద్దెనిమిది వేలని రాశావు. ఆ నంబర్లతో చూస్తే ఎప్పటివో పాత పేషెంట్లు. నోటికొచ్చింది రాసి పడేశావన్నమాట."

"తెర మీద ఏం పడితే అదే రాశాను సార్."

"పేషెంటు చేతికి మూడు బెజ్జాలు పడ్డాయి. పెద్ద డాక్టరుగారికి నేనేం చెప్పను?" మేనేజరుగారు చెడ్డమనిషి కాదు, కానీ ఆయన పైన కూడా మనుషులున్నారు. "శుక్రవారం దాకా చూస్తాను. కారణం తేలకపోతే నిన్ను తీసెయ్యక తప్పదు. ఉత్తరం టైపు చేయించి ఉంచాను. చిన్నక్కగారూ, మీ సర్వర్లో ఏమన్నా లోపముందా?"

"ఉండకూడదండీ" అంది చిన్నక్క. అని, చీటీలు చేతిలోకి తీసుకుంది. "ఇవి ఓసారి నా దగ్గర ఉంచుకుంటాను."

మెట్లకింద గదిలోకి చిలక వెంటే వచ్చి బకెట్టు పక్కన చతికిలబడింది.

"అక్కా, నేను వాగుతాను కానీ అబద్ధం చెప్పను. నా వాగుడుకే టైము చాలదు, ఇక అబద్ధాలెప్పుడు చెప్పేది?"

"ముక్కు తుడుచుకో ముందు. ఈ చీటీలు నువ్వు ఏ వేళప్పుడు ఎక్కిస్తావు?"

"ఒంటిగంటకి. పొద్దుట్నుంచీ జనం తోసుకుంటుంటారు కదా. ఒంటిగంటకి కాస్త పల్చబడితే అన్నీ ఒకేసారి ఎక్కించి అన్నానికి పోతాను."

చిలక వెళ్ళాక చిన్నక్క చీటీలను తేదీల వరసన పేర్చింది. 18204. తరవాతది 18231. ఆ తరవాత 18277. వరసగా పెరుగుతూనే ఉన్నాయి. నోటికొచ్చింది రాసే మనిషి ఒకసారి ఎక్కువ రాస్తుంది, ఒకసారి తక్కువ రాస్తుంది. రెండు నెలల పాటు ఇంత బుద్ధిగా పెంచుకుంటూ పోదు. ఈ నంబర్లు ఎక్కడో నిజంగా నడుస్తున్నవే.

ఒక్కో బ్రాంచినీ తెరిచి చూసుకుంటూ పోయింది. నాలుగోది మార్కెట్ బ్రాంచి. అక్కడ నడుస్తున్న నంబర్లు పద్దెనిమిది వేలు.

18204 వెతికింది. ఉంది! పెద్దాయన పేరు, ఇంటి అడ్రసు, చెయ్యాల్సిన పరీక్ష, అన్నీ చిలక ఎక్కించినట్టే ఉన్నాయి. పక్కన ఎర్ర అక్షరాల్లో 'రద్దు' అని ఉంది. మిగతా ఎనిమిదీ అంతే. తొమ్మిదింటికి తొమ్మిదీ మార్కెట్ బ్రాంచిలో ఉన్నాయి, తొమ్మిదీ రద్దయ్యాయి.

చిన్నక్క తెర దగ్గరికి జరిగింది. మెయిన్ బ్రాంచిలో కూచున్న పిల్ల ఎక్కించినవి మార్కెట్ బ్రాంచి గదిలోకెలా పోయాయి? పోతే పోయాయి, వాటిని రద్దు చేసిందెవరు?

బుధవారం పన్నెండున్నరకు బస్సెక్కి మార్కెట్ బ్రాంచికి వెళ్ళింది. చెప్పుల కొట్టుకీ గొడుగుల కొట్టుకీ మధ్య ఇరుకు మెట్లెక్కితే రెండు గదులు, అంతే ఆ బ్రాంచి. కౌంటర్లో ఉండేది ఒక రిటైరైన పంతులుగారు. ఇంట్లో తోచక రెండు నెలల కిందట చేరారు. అందరూ మేష్టారనే పిలుస్తారు. బల్లమీద పెన్నులు ఎత్తుల వారీగా నిలబడి ఉన్నాయి.

"రా తల్లీ, కూర్చో. ఒక్క నిమిషం, ఒంటిగంటవుతోంది. హాజరు తీసుకునే వేళ."

"హాజరేంటి మేష్టారూ?"

"మరి? పొద్దున పరగడుపున వచ్చి ఒకసారి రక్తం ఇస్తారా, టిఫిను తిన్న రెండు గంటలకి మళ్ళీ రావాలి కదా. సగంమంది కడుపు నిండగానే మర్చిపోతారు. నాకు ముందున్నవాళ్ళు ఆ పేర్లు అలాగే వదిలేసేవాళ్ళు. నాకలా కుదరదు. ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో హాజరు వేసిన చెయ్యి ఇది. ఒంటిగంట కాగానే రాని వాళ్ళందర్నీ ఆబ్సెంటు కొట్టేస్తాను."

అంటూ ఆయన మౌసు పట్టుకుని టకటకా రద్దు మీట నొక్కుకుంటూ పోయారు. ఐదుగురు. ఆరుగురు. ఏడుగురు.

చిన్నక్క తొమ్మిది చీటీల్లోంచి ఒకటి తీసి ముందు పెట్టింది. "ఈ పెద్దాయన గుర్తున్నారా?"

మేష్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఓ, ఈయనా! మూడుసార్లు పేరుంది, ఒక్కసారీ రాలేదు. మహా గైరుహాజరు మనిషి. ఈమధ్య ఇదో వింతమ్మా. నేను చేర్చుకోని పిల్లలు కూడా నా రిజిస్టర్లో కనిపిస్తున్నారు. ఎవరో చేర్చుంటార్లే, బడికైతే రాలేదుగా అని వాళ్ళకీ ఆబ్సెంటు వేసేస్తున్నాను."

చిన్నక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మేష్టారూ, నేను చెప్పేదాకా ఎవర్నీ ఆబ్సెంటు కొట్టకండి. ఎంతమంది రాకపోయినా సరే."

"క్రమశిక్షణ చెడుతుందే?"

"రెండు రోజులు చెడనివ్వండి."

బస్సులో కిటికీ పక్కన కూచుని చూస్తుంటే, కండక్టరు ఎవరు ఎక్కడ దిగాలో అడిగి టిక్కెట్లు చింపుతున్నాడు. టిక్కెట్టు అడగాల్సింది ఎక్కినవాడే. అడక్కుండా కూచున్నవాడు ఎక్కడికి పోతాడో ఎవరికి తెలుసు? అనుకుంటుండగానే మొత్తం వ్యవహారం కళ్ళ ముందు విడిపోయింది.

గదికి వెళ్ళగానే రద్దు చేసే భాగం తెరిచి చూసింది. అనుకున్నంతా అయింది. మిగతా పనుల్లో పనివాడు వెళ్ళి వచ్చాక బిళ్ళ తీసేసే వాక్యం ఉంది. రద్దులో కూడా ఉంది కానీ అట్టడుగున ఉంది. రద్దు అవగానే ప్రోగ్రాము ఆ పైనుంచే వెనక్కి తిరిగొచ్చేస్తోంది, ఆ వాక్యం దాకా పోవడమే లేదు. అంటే మేష్టారు ఒక్కో ఆబ్సెంటు కొట్టినప్పుడల్లా ఒక్కో పనివాడు మార్కెట్ బిళ్ళ మెడలో వేసుకునే వచ్చి బల్లమీద కూచుంటున్నాడు. వాణ్ణి మామూలు పనికి లేపితే ఫరవాలేదు, కొత్త బిళ్ళ పడుతుంది. కానీ సరిగ్గా అదే ఒంటిగంటకి చిలక ఇంటి శాంపిళ్ళు ఎక్కిస్తుంది. ఇంటి శాంపిలుకి బిళ్ళ వెయ్యరు. మెడలో పాత బిళ్ళ ఉన్నవాడు లేచాడంటే, ఆ బిళ్ళ చూసి మార్కెట్ గది తలుపే తీస్తారు. అక్కడ మేష్టారు ఉంటారు, మర్నాడు ఒంటిగంటకి.

తప్పు చిలకది కాదు, మేష్టారిది కాదు. రద్దు భాగం రాసిన తేదీ తెర మీద పైనే ఉంది. వాళ్ళాయన పోయిన నాలుగో వారం.

గురువారం మేనేజరుగారు మెట్లకింద గదిలోకి తొంగిచూశారు. మొహం తేటగా ఉంది.

"చూశారా చిన్నక్కగారూ! సోమవారం కాస్త గట్టిగా అనేసరికి, నిన్న ఎక్కించినవన్నీ సక్రమంగా ఉన్నాయి, ఇవాళ్టివీ ఉన్నాయి. అంటే ఇన్నాళ్ళూ నిర్లక్ష్యమేగా? పాపం పిల్ల మంచిదే, కానీ ఉంచుకోలేం."

నిన్నటివి అదృష్టం కొద్దీ తప్పించుకున్నాయి, ఇవాళ్టివి పోకపోవడం మేష్టారు మీట నొక్కకపోవడం వల్ల. చిన్నక్క నోరు తెరిచింది. తెరిచి, "నిన్నటివి..." అని నీళ్ళు నమిలింది. ఆయన వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరూ అన్నాలకి కూచున్నారు. కొడుకు పోయాక ఆ ముసలావిడ కూతురి దగ్గరకి వెళ్ళలేదు. "నా కోడలికి కూర తగలబెట్టడం తప్ప ఇంకేం రాదు, నేను లేకపోతే ఎలా?" అని ఇక్కడే ఉండిపోయింది. వంట చేసేది కోడలే, పేర్లు పెట్టేది అత్తగారు. ఇల్లు అలా నడిచిపోయేది.

అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. "ఉప్పు రెండుసార్లు వేశావా? ఒకటి మనకీ, ఒకటి మీ ఆఫీసుకీనా?"

చిన్నక్క పళ్ళెం పక్కకు జరిపి అంతా చెప్పింది. బిళ్ళల సంగతి అత్తగారికి కొత్త కాదు, కొడుకు నోట విన్నదే. చెప్పి చివర్న అంది: "రేపు పొద్దున్నే వెళ్ళి ఆ వాక్యం పైకి జరిపేస్తే చాలు అత్తయ్యా. ఇంకెప్పుడూ చీటీలు పోవు. ఎవరికీ తెలియదు కూడా."

"నీ మీద మాట రాదు."

"రాదు."

"ఆ పిల్లని ఉంచుతారా?"

చిన్నక్క మజ్జిగ గిన్నె అత్తగారి వైపు జరిపింది. నెమ్మదిగా అంది: "ఉంచరు. గదమాయించాక బాగుపడింది కాబట్టి తప్పు తనదేనని ఖాయమైపోతుంది."

"అయితే నువ్వు సరిచేసేది నీ సర్వర్ని. ఆ పిల్ల సంగతి గాలికి వదిలేసి." అత్తగారు మజ్జిగ ఒంపుకుంది. "ఇంతకీ ఆ ఇంటి శాంపిళ్ళకి బిళ్ళ ఎందుకు వెయ్యలేదే నువ్వు? నువ్వు అలా పని వదిలేసే రకం కాదుగా."

"ఆ ఫైలు తెరవలేదు అత్తయ్యా. అందులో ఆయన చెప్పిన అడ్రసులున్నాయి."

ముసలావిడ గ్లాసు కింద పెట్టింది. చాలాసేపు చెయ్యి గ్లాసు మీదే ఉంచింది.

"ఏం చెప్పాడు వెధవ?"

"గుర్తు లేవు" అంది చిన్నక్క. అన్నీ గుర్తున్నాయి.

"రేపు చూసి వచ్చి నాకు చెప్పు. ఏడాదైంది వాడి మాట కొత్తది విని."

శుక్రవారం ఎనిమిదికే చిన్నక్క గది తలుపు తీసింది. బకెట్టు పారబోసింది. కుర్చీలో కూచుంది. లేచి మళ్ళీ బకెట్టు చూసి వచ్చింది, చుక్క నీళ్ళు లేవు. కూచుని ఫైలు తెరిచింది.

'పచ్చ గేటు, గంట మోగదు, గట్టిగా అరవాలి.'

ఆయన గొంతే వినపడింది. చదువుకుంటూ కిందకి పోయింది. పన్నెండు అడ్రసులున్నాయి. తనకి గుర్తున్నవి పదకొండే. పన్నెండోది తను లేనప్పుడు ఆయనే ఒంటివేలితో కొట్టుకున్నట్టుంది, అక్షరాలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. 'మెట్లకింద గది. గుమ్మంలో బకెట్టు ఉంటుంది, తన్నుకోవద్దు. లోపలున్నావిడ తలెత్తదు. ఆకలేసిందా అని అడగండి, అప్పుడు ఎత్తుతుంది.'

చిన్నక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో, తలుపు తీసుకొచ్చిన చిలక్కి అర్థం కాలేదు.

"అక్కా, ఉత్తరం ఇవాళే ఇస్తారటగా. నేను నా బాక్సూ గొడుగూ సర్దేసుకున్నాను."

"బాక్సు మళ్ళీ విప్పుకో, మధ్యాహ్నం తినాలిగా. పద నాతో."

మేనేజరుగారి గదిలో ఉత్తరం బల్లమీదే ఉంది. చిన్నక్క ఆయన కంప్యూటర్లో మార్కెట్ బ్రాంచి తెరిచి, తొమ్మిది చీటీలూ పక్కన పెట్టి ఒక్కొక్కటే చూపించింది. ఆయన నొసలు ముడిపడింది.

"ఇవక్కడికెలా పోయాయి?"

"చూపిస్తానండీ. అన్నీ దొంగ పేర్లే, నిజం పేషెంట్లెవరూ లేరు." బిళ్ళల సంగతి రెండు ముక్కల్లో చెప్పి, ఫోన్ స్పీకర్లో పెట్టింది. "మేష్టారూ, పొద్దున నేను చేర్చిన దొంగ పేర్లున్నాయి చూడండి. వాళ్ళని ఆబ్సెంటు కొట్టండి."

"ఎంత హాయైన మాట చెప్పావు తల్లీ! రెండ్రోజులుగా చేతులు కట్టేసినట్టుంది." అవతల టకటకలు వినపడ్డాయి.

"చిలకా, ఈ దొంగ అడ్రసు వేసి ఇంటి శాంపిలు ఒకటి ఎక్కించు."

చిలక ఎక్కించింది. తెర మీద నంబరు పడింది. అరవై ఒక్క వేలు. సరిగ్గా మెయిన్ బ్రాంచిదే. రెండోది ఎక్కించింది. అదీ అరవై ఒక్క వేలే. మేనేజరుగారు గడియారం చూసుకున్నారు.

"ఇరవైమందిలో ఎవడు లేస్తాడో చెప్పలేమండీ" అంది చిన్నక్క.

ఫోన్లోంచి మేష్టారు: "ఇంకో నలుగుర్ని కొట్టమంటావా? చాలామంది పనికిమాలినవాళ్ళు మిగిలారు ఇక్కడ."

"కొట్టండి మేష్టారూ."

చిలక మూడోది ఎక్కించి కళ్ళు మూసుకుంది. తరవాత ఫోన్లో మేష్టారు గొంతు: "ఇదుగో! ఎవరో కొత్తగా వచ్చి చేరారమ్మా నా రిజిస్టర్లో. అడ్రసు చూడు, పచ్చ గేటు, గంట మోగదు, గట్టిగా అరవాలట! ఇదేం చిరునామా?"

చిలక కళ్ళు తెరిచింది. తెర మీద పద్దెనిమిది వేల నంబరు. "నే చెప్పలా సార్! తెర మీద పడిందే రాశానని చెప్పలా!" అని ఒక్క గెంతు గెంతింది, కుర్చీ వెనక్కి పడింది.

మేనేజరుగారు పడ్డ కుర్చీ లేపి నిలబెట్టారు. "ఇది రాసిందెవరు చిన్నక్కగారూ? ఆ బయట నుంచి వచ్చేవాడా?"

"నేనేనండీ. రెండు తప్పులూ నావే. రద్దులో బిళ్ళ తియ్యలేదు. ఇంటి శాంపిళ్ళకి బిళ్ళ వెయ్యలేదు."

"మీరా? మీరెలా..."

"ఆ ఫైలు తెరవలేకపోయానండీ. అప్పట్లో."

చిన్నక్క తెరిచి చూపించిన రద్దు భాగం మీది తారీఖు ఆయన చూశారు. ఉత్తరం తీసి నాలుగు మడతలు పెట్టి చింపి బుట్టలో వేశారు. గొంతు సవరించుకుని, "పెద్ద డాక్టరుగారికి మీరే రాసి ఇవ్వాలి, జరిగింది జరిగినట్టు" అన్నారు. "రాస్తానండీ" అంది. "ఆ పెద్దాయన ఇంటికి కూడా ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి." "నేనే వెళ్తానండీ. అడ్రసు ఉందిగా."

సాయంత్రానికి రెండూ సరిచేసింది. బిళ్ళ తీసే వాక్యాన్ని, మధ్యలో ఏం జరిగినా ఎటు తిరిగొచ్చినా తప్పించుకోలేని చోట పెట్టింది. ఇంటి శాంపిళ్ళకి వాటి బిళ్ళ అవి వేసుకునేట్టు చేసింది. బిళ్ళ లేకుండా ఎవడైనా గదుల దగ్గరకొస్తే ఏ తలుపూ తియ్యకుండా గట్టిగా అరిచి చెప్పమంది. పన్నెండు అడ్రసులనూ కదపలేదు. ఇకనుంచి మార్పు చేసిన ప్రతిసారీ ఆ పన్నెండూ ఎక్కించి, సరైన గదికి చేరాయో లేదో చూడాలని చీటీ రాసి కిటికీకి అంటించింది. ఆ పన్నెండూ ఒక కాగితం మీద అచ్చు తీసి అత్తగారి కోసం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంట్లో అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అడ్రసూ రెండేసిసార్లు చదివించుకుంది. పన్నెండోది విని, "తిండి యావ వాడిదీ, పెట్టింది నీ మీద" అంది. కాగితం మాత్రం తిరిగి ఇవ్వలేదు.

సోమవారం ఒంటిగంటకి చిలక చీటీల కట్ట ముందేసుకుని, ఒక్కోటీ ఎక్కిస్తూ నంబర్లు పైకే చదువుతోంది. అరవై ఒక్క వేలు, అరవై ఒక్క వేలు, అరవై ఒక్క వేలు. "చాల్లే, మాకు వినపడుతోంది!" అని అరిచాడు వాచ్‌మన్. "వినపడాలనే!" అంది చిలక, ఇంకాస్త గట్టిగా.

మెట్లకింద గదిలో ఫోన్ మోగింది.

"తల్లీ, హాజరు తీశాను" అన్నారు మేష్టారు. "ఇవాళ ఆబ్సెంటు ముగ్గురు. ముగ్గురూ నా బడివాళ్ళే."